తలుపు తెరిచే ఉంది కదా!

కాఫ్కా పేరెత్తగానే సాహిత్య సభల్లో గొంతులు బరువెక్కుతాయి. ఒంటరితనం అంటారు, అస్తిత్వ వేదన అంటారు, మనిషికి దేవుడు అందకపోవడం అంటారు. ఆయన కథలో చట్టం అన్న మాట వస్తే అది చట్టం కాదు, ఇంకేదో అంటారు. చట్టం అని రాసినవాడు చట్టం గురించే రాశాడని ఒప్పుకోవడానికి ఎందుకింత కష్టం?

ఫ్రాంజ్ కాఫ్కా 1906లో ప్రాగ్‌లో న్యాయశాస్త్రంలో డాక్టరేట్ పుచ్చుకున్నాడు. 1908 నుంచి 1922 దాకా కార్మికుల ప్రమాద బీమా సంస్థలో ఉద్యోగం చేశాడు. చెక్క చిత్రిక పట్టే యంత్రంలో ఎలాంటి ఇరుసు కూలీల వేళ్లు తెంపుతుందో బొమ్మలతో సహా నివేదిక రాసిన మనిషి. ఆఫీసు బల్లకు అవతల నిలబడ్డవాడి ముఖం ఆయనకు రోజూ కనిపించేదే.

ఆయన చిన్న కథ 'చట్టం ముందు' 1915లో అచ్చయింది. ఒక పల్లెటూరి మనిషి చట్టం దగ్గరికి వస్తాడు. తలుపు తెరిచే ఉంది. కాపలావాడు పొమ్మనడు, రావద్దనీ అనడు. రావచ్చు గానీ ఇప్పుడు కాదంటాడు. ఆ మనిషి ఏళ్ల తరబడి అక్కడే కూర్చుంటాడు. తెచ్చుకున్నదంతా లంచంగా ఇస్తాడు, కాపలావాడు అన్నీ పుచ్చుకుంటాడు. చివరకు చచ్చిపోయే ముందు తెలుస్తుంది, ఆ తలుపు తన ఒక్కడి కోసమే పెట్టిందని. ఇక దాన్ని మూసేస్తారు.

ఇదే కథ 'ది ట్రయల్' నవలలో చర్చిలో ఒక పాదిరి నోట వస్తుంది. కనుక ఇది దైవచింతన అంటారు. ఆ పాదిరి జైలు పాదిరి, కోర్టు మనిషి. ఈ సంగతి మన విమర్శకులు ఎందుకు మింగేస్తారో!

అంతకన్నా నాకు కోపం తెప్పించేది ఇంకో వ్యాఖ్యానం. తలుపు తెరిచే ఉంది కదా, వాడెందుకు లోపలికి వెళ్లలేదు, తప్పు వాడిదే అంటారు. ఈ మాట మేం పుట్టినప్పటి నుంచి వింటున్నాం. మీ కోసమే 1/70 ఉంది కదా, మీ కోసమే అటవీ హక్కుల చట్టం ఉంది కదా, వాడుకోవడం మీకు చేతకాదు అంటారు. అవును, అవి మా కోసం పెట్టిన తలుపులే. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1970 నుంచి రాసే ఉంది. 2006 చట్టం కింద హక్కు రుజువుకు పెద్దల వాంగ్మూలం రాసి పెట్టినా చెల్లుతుందని నియమాల్లోనే ఉంది. కాని కాపలావాడు కాగితమే కావాలంటాడు. కాగితం పట్టుకెళ్తే ఇప్పుడు కాదంటాడు. కాదనేస్తే ఇంకో గుమ్మం వెతుక్కుంటాం. 'ఇప్పుడు కాదు' అన్న మాట మనిషిని అక్కడే కూర్చోబెడుతుంది. అధికారం పనిచేసే తీరు అదేనని కాఫ్కా వందేళ్ల కిందట పట్టుకున్నాడు.

ఆయన ఖైదీల వలస కథలో ఒక యంత్రం ఉంటుంది. ముద్దాయి ఏ ఆజ్ఞ మీరాడో దాన్ని వాడి ఒంటి మీద సూదులతో చెక్కి చంపుతుంది. వాడికి తన శిక్ష ఏమిటో తెలియదు, శిక్ష పడిందనీ తెలియదు. అధికారి దొరకు అన్నీ ఫ్రెంచిలో వివరిస్తుంటాడు. ముద్దాయికి ఫ్రెంచి రాదు. ఈ ఒక్క వివరం మీద ఎవరైనా వ్యాసం రాశారేమో చూశాను, నాకు దొరకలేదు. కోయ, కువి, గోండి మాట్లాడే మనిషిని కోర్టు బోనులో నిలబెట్టి చూడండి, దాని బరువు తెలుస్తుంది. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, దరఖాస్తులు తిరస్కరించబడినవాళ్లను అడవి నుంచి ఖాళీ చేయించమంది. 28న తానే ఆ ఉత్తర్వును ఆపింది. మా ఊళ్లో ఆ మొదటి కబురు తెలిసేసరికి రెండోది కూడా వచ్చేసింది.

కాఫ్కాతో నాకూ ఒక తగాదా ఉంది. ఆయన పల్లెటూరివాడు ఒంటరిగా వచ్చాడు. వాడికో ఊరుందని కాఫ్కా చెబుతాడే గాని ఆ ఊరివాళ్లు ఒక్కరూ కథలోకి రారు. వాడు ఏమయ్యాడో చూడ్డానికి ఎవరూ కదలరు. పట్నపు చదువరి మనిషిని అలాగే ఊహించగలడేమో. మా దగ్గర గొడ్డు తప్పిపోయినా నలుగురు బయల్దేరతారు.

మా పెదనాన్న పోడు దరఖాస్తు తిరస్కరించిన కాగితం ఇంగ్లీషులో వచ్చింది. ఊరంతా చింతచెట్టు కింద కూర్చుంటే ఆశ్రమ పాఠశాలలో చదివే పిల్ల కూడబలుక్కుని చదివింది. నిర్ణయమైన రోజు నుంచి 60 రోజుల్లో పైకి చెప్పుకోవాలట. కాగితం మీది తేదీ నుంచి లెక్కేస్తే అప్పటికే 73 రోజులు. పెదనాన్న కాగితం మడిచి మొలలో దోపుకుని ఇక వెళ్లనన్నాడు. నువ్వొక్కడివీ ఎందుకెళ్తావు, అందరం వెళ్దాం అంది మా అత్త. మర్నాడు తెల్లారకముందే జావ తాగి బయల్దేరాం.