గిటారు పెట్టెను మార్చవలెనా?



పార్వతీపురము ప్రాంతమునుండి ఒక సోదరి వ్రాసిన యుత్తరము నెలదినములుగా నా బల్లపై నున్నది. ఆమె కుమార్తె డిగ్రీ రెండవ సంవత్సరము చదువుచు, ఇంటిలోనే గిటారు వాయించి కంప్యూటరులో రికార్డు చేయుచున్నదట. మేనమామ వాడి యిచ్చిన పదియేండ్లనాటి మోడెలరు ఇక పనికిరాదనియు, క్రొత్తది కావలెననియు ఆ పిల్ల పట్టుపట్టినదట. పాటలు కూర్చువా రొకరు ఆమె పంపిన గిటారు భాగమును విని, "వాయింపు బాగున్నది గాని ధ్వని బాగులేదు" అని త్రిప్పి పంపినారట. నాటినుండి పిల్లకు అన్నము సయింపకున్నది. తండ్రిగారు "ఆటవస్తువునకు అంత సొమ్మా!" యనినారు. సొమ్ము తల్లి చేతనున్నది. ఆ పిల్లకే గొలుసు చేయింపవలెనని కూడబెట్టినది. "గొలుసా, పెట్టెయా? మీరే చెప్పుడు" అని ఆమె ప్రశ్న.

బడిపంతులుగారి యింటి ఇల్లాలికి ఈ యంత్రముల గోల యేల తెలియునని పాఠకురాండ్రు నవ్వవచ్చును. మా మరిది గిటారు వాయించును. నేను వీణ వాయింతును. మా యింట నున్నవి రెండు గదులు, ఒక పెట్టె. దానిని ఇరువురము పంచుకొనుటచే కొంత నేర్వక తప్పలేదు.

ముందుగా ఆ పెట్టె చేయు పనిని చెప్పెదను. మన మామ్మల కాలపు రేడియోలలో వెలుగుచుండెడి గాజు వాల్వులు గుర్తున్నవి గదా. విద్యుత్ గిటారునకు వాడు పాతకాలపు ఆంప్లిఫయరులోను అట్టివే యుండును. తీగ కంపమును అయస్కాంతపు పికప్పు విద్యుత్తుగా మార్చును. అది వాల్వులలో బలిసి స్పీకరును కదల్చును. ఎదుటనుంచిన మైకు ఆ ధ్వనిని పట్టును. ఇంపైన ధ్వని రావలెనన్న ఆంప్లిఫయరును గట్టిగా మ్రోయింపవలెను. గోడకు గోడ కలిసిన మన యిండ్లలో ప్రక్కవారు ఊరకుందురా? మోడెలరు ఈ తతంగమునంతయు లెక్కలుగా మార్చివేయును. తీగనుండి వచ్చు సంకేతమును సాధారణముగా సెకనుకు 48,000 మారులు కొలిచి, వాల్వు ఏమి చేయునో, స్పీకరు ఏమి చేయునో గణించి, ఫలితమును హెడ్‌ఫోనులకును కంప్యూటరునకును పంపును. మా అత్తగారు జపము చేసికొనుచుండగా ప్రక్కగదిలో మా మరిది పిడుగులు కురిపించినను, ఆమెకు తీగల టకటక తప్ప వేరేమియు వినబడదు.

అమెరికాలోని లైన్ 6 సంస్థవారు 1998లో పాడ్ అను చిక్కుడుగింజ యాకారపు ఎఱ్ఱని పెట్టెను తెచ్చినది మొదలు ఇంటి రికార్డింగులో ఈ యంత్రములు ప్రసిద్ధికెక్కినవి. 2006లో ఫ్రాక్టల్ ఆడియోవారి ఆక్స్-ఎఫ్‌ఎక్స్ వచ్చినది. తరువాత జర్మనీకి చెందిన కెంపర్‌వారు ఎదుటనున్న ఫలానా ఆంప్లిఫయరునే కొలిచి దాని స్వభావమును పట్టుకొను యంత్రమును చేసిరి. ఇటీవలి పద్ధతి ఇంకను విచిత్రము. ఆంప్లిఫయరులోనికి పోయిన ధ్వనిని, వెలికివచ్చిన ధ్వనిని జతగా చూపి, కంప్యూటరే దాని గుణమును నేర్చుకొనునట్లు చేయుదురు. న్యూరల్ ఆంప్ మోడెలర్ అను సాధనము ఈ పద్ధతిని ఉచితముగా అందరికిని అందించుచున్నది.

ఈ మాటను ఆ తల్లి రెండుమారులు చదువవలెనని నా కోరిక. అమ్మాయి కంప్యూటరులో దానిని వేసికొనవచ్చును. పాత పెట్టె యు.ఎస్.బి. తీగ ద్వారా కంప్యూటరుతో మాటలాడునదైనచో, దానిలోని ఆంప్లిఫయరు వేషములన్నియు ఆపి, గిటారు ధ్వనిని ఉన్నదున్నట్లు పంపి, తక్కిన పనిని ఈ సాధనముచే చేయింపవచ్చును. కంప్యూటరులో బఫరును 128కి తగ్గించినచో ఆ మెట్టున కలుగు ఆలస్యము సెకనులో వేయింట మూడు వంతులకన్న తక్కువ. ధ్వని గాలిలో మూడడుగులు నడచుటకు పట్టు కాలమే. రాకపోకలకు అది ఇబ్బడి కావచ్చును గాని వ్రేళ్లకు అంతగా తెలియదు.

ఇక పాతదానికిని క్రొత్తదానికిని భేదమే లేదా యన్నచో, కలదు. మెల్లగా మీటిన తేటగాను, గట్టిగా మీటిన గరగరగాను పలుకుట క్రొత్తవానిలో సహజముగా నుండును. వాయించువారి వ్రేళ్లకు తెలిసినంతగా వినువారి చెవికి ఈ భేదము తెలియదు. వినువారికి వెంటనే తెలియునది వేఱొకటి: స్పీకరు ధ్వని. పాత పెట్టెలలో తఱచుగా నీరసమైన భాగ మదియే. దానిని మాత్రము ఆపివేసి, నిజమైన స్పీకరునుండి కొలిచి తీసిన ఇంపల్స్ రెస్పాన్స్ అను చిన్న ఫైలును కంప్యూటరులో తగిలించినచో పాత పెట్టెయే క్రొత్త గొంతుతో పలుకును. మా మరిది ఈ పని చేసిననాడు మా వారు చదువుచున్న పత్రికను దింపి, "పెట్టె మార్చినావా?" యని యడిగిరి.

వీణ వాయించు సోదరీమణులకొక మాట. బొబ్బిలి దగ్గఱ గొల్లపల్లిలో ఒంటి పనసదుంగను తొలిచి చేసిన వీణ నాది. దానికి కాంటాక్టు మైకు అంటించి మోడెలరులో పెట్టినచో, ఆంప్లిఫయరు వేషము ఒక్కటియు వలదు. అన్నిటికన్న ముందు నాయిస్ గేటును ఆపవలెను. చిన్న ధ్వనిని రొదగా తలచి కోసివేయుట దాని పని. గిటారునకు అది మేలే. వీణలో నొక్కమారు మీటి, తీగను లాగుచు లాగుచు పలికించు గమకపు తోకయే ప్రాణము. గేటు సరిగా అక్కడనే కత్తెర వేయును. మా మరిది తన గిటారునకై అమర్చిన అమరికలతో నా తోడి రికార్డు చేసిననాడు అది ఎక్కిళ్లు పెట్టినట్లున్నది!

తండ్రిగారు "పరదేశపు వాద్యము మనకేల?" యనికూడ అనినట్లు ఉత్తరములో నున్నది. విజయనగర సంగీత కళాశాలలో 1919లో వయొలిన్ ఆచార్యులుగా చేరి, 1936లో ప్రిన్సిపాలైన ద్వారం వేంకటస్వామి నాయుడుగారి వాద్యము ఏ దేశమునుండి వచ్చినది? పాలకొల్లున 1969లో జన్మించిన మాండొలిన్ శ్రీనివాస్‌గారు విద్యుత్తుతో మ్రోగు మాండొలినుకు జంటతీగలు తీసి ఒంటితీగలు కట్టి కర్ణాటక సంగీతము పలికింపలేదా? కుమారుడు మోటారుసైకిలు అడిగిననాడు అది ఏ దేశపుదని విచారించిన తండ్రిని నేనింతవఱకు చూడలేదు.

కావున నా సలహా యిది. ఈ నెల ఏమియు కొనవలదు. త్రిప్పి పంపబడిన ఆ గిటారు భాగమునే నేను చెప్పిన రీతిగా మరల రికార్డు చేసి, ఆ పాటలు కూర్చువారికే పంపవలెను. పంపునపుడు ఏ వేషమును లేని ముడి ధ్వనిని వేఱుగా దాచి, దానినికూడ పంపినచో వారు తమకు నచ్చిన ఆంప్లిఫయరును తామే తగిలించుకొందురు. ఇంతటితో పని నెగ్గినచో గొలుసు సొమ్ము భద్రము.

అట్లుగాక, పాత పెట్టెకు డ్రైవరు దొరకక క్రొత్త కంప్యూటరు దానిని గుర్తింపకున్నను, స్విచ్చులు చెడినను, కంప్యూటరు ఈ బరువు మోయలేకున్నను, కొనుట న్యాయమే. పదివేలలోపునుండి లక్ష దాటినంతవఱకును పెట్టెలు కలవు. పైన చెప్పిన ఉచిత ఫైళ్లను తీసికొనునవి చౌకవానిలోను కొన్ని వచ్చినవి. అట్టిదైనచో గొలుసంతయు కరుగదు. అయినను గొలుసు పిల్లది, వాయింపు పిల్లది. తల్లిదండ్రు లిరువురును నన్నడుగుటకన్న ఆమెను కూర్చుండబెట్టి, ఆ సొమ్ము ఇంత యని చెప్పి, ఆమెనే నిర్ణయింపుమనుట నాకు ఉచితముగా తోచుచున్నది. పందొమ్మిదేండ్ల పిల్ల, లెక్క తెలియనిది కాదు.

ఇంకొకటి. "తీగలను చేతితో తాకగానే రొద తగ్గును" అని ఉత్తరము చివర చిన్నగా వ్రాసినారు. దీనికి క్రొత్త పెట్టె మందు కాదు. ఇంటి కరెంటునకు ఎర్తు సరిగా లేకుండవచ్చును. పాత మిద్దెలలో మూడు రంధ్రముల ప్లగ్గుండినను, మూడవదానికి తీగయే యుండని చోట్లు కలవు. కరెంటు పోయినపుడు చౌక ఇన్వర్టరుపై నడిపినను బుఱ్ఱుమను చప్పుడు చేరును. ఆ సమయమున రికార్డు చేయకుండుట మేలు. కొందఱు రొద పోవునని ఎర్తు పిన్నును విఱుతురు. అది ప్రాణాపాయము, పిల్లను చేయనీయకుడు. మొదట ఎలక్ట్రీషియనును పిలిపించి చూపించుడు. ఆయన వచ్చిపోయిన పిదప అమ్మాయి మరల వాయించి రికార్డు చేసినచో రొద తగ్గినదో లేదో నాకొక కార్డు వ్రాయుడు.