దిగలేదు, దించారు

మావాళ్ళు ధైర్యవంతులట. మొండివాళ్ళట. ప్రాణమంటే లెక్కలేనివాళ్ళట. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఈ మూడు మాటలూ వింటూనే ఉన్నాను. మొదటి మాట మా నాయన మ్యాన్‌హోలులోకి దిగేముందు అనేవాళ్ళు. మిగతా రెండు మాటలూ దిగి పైకి రానివాళ్ళ గురించి అంటారు. అనే నోరు మాత్రం ఒకటే.

నేను సర్కారు బళ్ళో సైన్సు చెప్తాను. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. సెప్టిక్ ట్యాంకులో ఇద్దరు పోయారని పేపర్లో వార్త వచ్చిన రోజు స్టాఫ్‌రూములో ఒక సారు నన్ను అడిగాడు. "మాస్టారూ, ఏమనుకోకండి. లోపల విషవాయువు ఉంటుందని చిన్నపిల్లాడిక్కూడా తెలుసు గదా. తెలిసి తెలిసి ఎందుకు దిగుతారండీ మీవాళ్ళు? ఒకడు పడిపోయాక వాడి వెనకే రెండోవాడు కూడానా! ఇది మూర్ఖత్వం కాదా?"

"మీవాళ్ళు" అన్నాడు. ఆ చచ్చినవాళ్ళ కులం పేపర్లో ఎక్కడా రాయలేదు. మరి ఆయనకెట్లా తెలిసింది? ఈ దేశంలో ఎవరికీ చెప్పక్కర్లేదు, అందరికీ తెలుసు. సర్కారుకి మాత్రం లెక్క తీయాల్సొచ్చింది. మురుగు కాలవలూ సెప్టిక్ ట్యాంకులూ బాగుచేసే 38,000 మంది వివరాలు పోగేసి, అందులో దాదాపు 69 శాతం షెడ్యూల్డ్ కులాలవాళ్ళేనని 2024లో తేలింది. ఎస్టీలనీ బీసీలనీ కలిపితే 92 శాతం. మూర్ఖత్వమే అయితే అది కులం చూసుకుని పుడుతుందా అయ్యా? ధైర్యమే అయితే మిగతా కులాలవాళ్ళు అంత పిరికివాళ్ళా?

తెలివితక్కువ సాహసాలు లోకంలో లేవని నేను అనను. ఉన్నాయి. మా బడి ముందు రోడ్డు మీద బండి ముందు చక్రం పైకి లేపి, ఫోనులో వీడియో తీయించుకునే కుర్రాళ్ళని రోజూ చూస్తూనే ఉన్నాను. వాళ్ళలో మా పేటవాళ్ళూ ఉన్నారు. 2020 సెప్టెంబరులో చిత్తూరు జిల్లా శాంతిపురంలో అభిమాన నటుడి పుట్టినరోజుకి బ్యానరు కడుతూ ముగ్గురు కరెంటు షాకు కొట్టి పోయారు. అట్లాంటి పిల్లల చెవి పట్టుకుని మందలించే హక్కు పెద్దలకుంది. ఎందుకంటే అది చెయ్యకపోతే ఆ పూట ఆ పిల్లాడి ఇంట్లో పొయ్యి ఆగదు. తిరనాళ్ళలో చెక్కల బావిలో మోటారు సైకిలు తిప్పేవాడిదీ ప్రమాదమే. కానీ వాడు ఏళ్ళ తరబడి నేర్చుకుని తిప్పుతాడు. జనం టిక్కెట్టు కొని చూస్తారు, చప్పట్లు కొడతారు. మా నాయన దిగిన బావి దగ్గర ముక్కు మూసుకుని పక్కకి తప్పుకున్నవాళ్ళే గానీ చప్పట్లు కొట్టినవాడు లేడు.

ఇంకో సాహసం చెప్తాను. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు ఇద్దరు ఎవరెస్టు ఎక్కారు. నిజామాబాద్ జిల్లా గిరిజన పిల్ల మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా దళిత పిల్లాడు సాధనపల్లి ఆనంద్‌కుమార్. పూర్ణకి అప్పటికి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. ఆ పిల్లలకి డార్జిలింగ్‌లో, లడఖ్‌లో తర్ఫీదు ఇచ్చారు. ఎవరెస్టు ఎక్కడమంటే వెంట షెర్పాలుంటారు, తాళ్ళుంటాయి, ఆక్సిజన్ సిలిండర్లుంటాయి, వాతావరణం బాగాలేకపోతే ఆగమని చెప్పేవాళ్ళుంటారు. అందుకే అది సాహసమైంది. అదే కులాల తండ్రులు పన్నెండు అడుగుల గుంటలోకి దిగడానికి సిలిండరు లేదు, మాస్కు లేదు, ఆగమని చెప్పే నోరు లేదు. మా పిల్లలు 8,848 మీటర్లు ఎక్కి బతికి వచ్చారు. మా తండ్రులు నాలుగు మీటర్లు దిగి రాలేకపోతున్నారు. ఈ తేడా గుండెలో ఉందా, ఏర్పాట్లలో ఉందా?

మా నాయన మున్సిపాలిటీలో పర్మినెంటు కాదు. కాంట్రాక్టరు కింద రోజుకూలీ. ఏ వీధిలో డ్రైనేజీ పొంగినా మేస్త్రీ మా గుడిసె ముందుకొచ్చి నిలబడేవాడు. నాయన కన్నా పదేళ్ళు చిన్నవాడు. "ఒరేయ్, ఇది ఇంకెవడివల్లా కాదురా. నీకు గుండె ఎక్కువ. నువ్వైతేనే దిగ్గలవు" అనేవాడు. ఆ మాటకి నాయన ఒళ్ళు కాస్త నిటారయ్యేది. రోజంతా ఎవరూ మనిషిగా చూడనివాడికి ఆ ఒక్క మెచ్చుకోలు ఎంత బలంగా పనిచేస్తుందో చూడండి. మా అమ్మకి మాత్రం ఆ మెచ్చుకోలు కిట్టేది కాదు. "వాళ్ళకి కావాల్సింది నీ గుండె కాదు మావా, నీ ఒళ్ళు" అనేది. అక్షరం ముక్క రాని మా అమ్మ చెప్పిన ఆ మాట కన్నా పెద్ద రాజకీయార్థశాస్త్రం నేను చదవలేదు.

దిగకపోతే? మర్నాడు మస్టర్లో పేరు ఉండదు. బాకీలో పట్టుకున్న జీతం రాదు. ఇంకొకణ్ణి పిలుస్తారు, వాడు మా చిన్నాన్నో మామో అవుతాడు. ఇంట్లో నలుగురం. ఇదీ నాయన ముందున్న లెక్క. దిగితే చావు రావొచ్చు, రాకపోవచ్చు. దిగకపోతే ఆకలి ఖాయంగా వస్తుంది. ఈ లెక్కలో మూర్ఖత్వం ఎక్కడుందో ఆ స్టాఫ్‌రూము సారు చూపించాలి.

అజాగ్రత్త అంటారా? నాయనంత జాగ్రత్తపరుణ్ణి నేను చూళ్ళేదు. మూత తీసి గంటసేపు వదిలేసేవాడు. గోడలకి బొద్దింకలు కదుల్తున్నాయా అని చూసేవాడు. బొద్దింకలు బతికుంటే మనిషీ బతుకుతాడని వాళ్ళ లెక్క. పలుగు దించి, వెదురుబద్ద దించి కదిపి చూసేవాడు. యంత్రం ఇవ్వనివాళ్ళు పురుగుని చూసి ప్రాణాన్ని అంచనా వేసుకునే శాస్త్రం కనిపెట్టుకున్నారు.

ఆ శాస్త్రం ఎందుకు చాలదో నాకు బీఎస్సీ చదివాక అర్థమైంది. మురుగు కుళ్ళితే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. గాలి కన్నా బరువు కాబట్టి అడుగున పట్టి ఉంటుంది. కొంచెమే ఉంటే కుళ్ళిన కోడిగుడ్డు వాసనొస్తుంది. పది లక్షల పాళ్ళ గాలిలో వంద పాళ్ళ దగ్గరికొచ్చేసరికి ముక్కు మొద్దుబారిపోతుంది. అంటే ప్రమాదం పెరిగేకొద్దీ వాసన తెలియకుండా పోతుంది! లోపలున్నవాడు గాలి బాగుపడిందనుకుంటాడు. ఐదొందల పాళ్ళు దాటితే కుప్పకూలతాడు. వెయ్యి దగ్గర ఒకటి రెండు ఊపిర్లతోనే సరి. పైగా ఆ వాయువు చాలామటుకు బురదలో బుడగలై అణిగి ఉంటుంది. పైనుంచి చూస్తే బొద్దింకలు బాగానే తిరుగుతుంటాయి. మనిషి దిగి బురద కదిపాకే అది పైకి లేస్తుంది. నూతిలో దించినట్టు దీపం దించి చూద్దామంటే మీథేన్ ఉంటే భగ్గుమంటుంది. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం ఉంటుంది. 19.5 శాతానికి తగ్గితే మనిషి అడుగు పెట్టకూడదు. ఇవన్నీ కొలవడానికి అరచేతిలో పట్టే మీటరు ఉంది. ఆ మీటరు కొనని కాంట్రాక్టరు తెలివైనవాడు. అది లేకుండా దిగినవాడు మూర్ఖుడు!

తాగి దిగుతారని ఇంకో నింద. అవును, తాగుతారు. మందు ఆ వాయువు నుంచి కాపాడదు, ఇంకా ముంచుతుంది. అదీ నిజమే. కానీ పదిళ్ళ మలం గడ్డం దాకా వచ్చే చోట ఒళ్ళు తెలిసి నిలబడగలిగినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి. చాలాచోట్ల ఆ సీసా కొనిచ్చేది పని చెప్పినవాడే. మాస్కుకి డబ్బుల్లేవు గానీ క్వార్టరుకి ఉంటాయి.

ఇక ఆ రెండోవాడి సంగతి. 2006లో మా ఊళ్ళో ఒక లాడ్జి సెప్టిక్ ట్యాంకులోకి మా పెదనాన్న కొడుకు దిగాడు. ఇరవై రెండేళ్ళు. కాసేపటికి కేక లేదు. పైన ఉన్న మా చిన్న మేనమామ పేరు పెట్టి పిలిచాడు. జవాబు లేదు. నడుముకి తాడు కూడా కట్టుకోకుండా దూకాడు. ఇద్దర్నీ కొక్కేలతో తీశారు. నాకప్పుడు పదిహేనేళ్ళు. మా అత్త ఆయన్ని కడుగుతూనే ఉంది, ఎన్ని బిందెలు పోసినా ఇంకా కడుగుతూనే ఉంది.

ఇట్లాంటి ఇరుకు గుంటల్లో పోయినవాళ్ళలో 60 శాతానికి పైగా కాపాడబోయినవాళ్ళేనని అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి 1986లోనే చెప్పింది. అంటే తనవాడు కళ్ళముందు మునిగిపోతుంటే దూకడం ఏ దేశంలోనైనా మనిషి గుణం. 2018 ఫిబ్రవరిలో పలమనేరు దగ్గర మొరం గ్రామంలో, ఒక కోళ్ళ పరిశ్రమ ట్యాంకులో మనవాళ్ళు ఇట్లాగే ఒకరి వెనక ఒకరు పోయారు. 2015 నవంబరు 26న కోజికోడ్‌లో మన ఆంధ్రా కూలీలు ఇద్దరు మ్యాన్‌హోలులో చిక్కుకుంటే, దారినపోయే ఆటో డ్రైవరు ఒకాయన ముఖమైనా తెలియనివాళ్ళ కోసం దిగి ప్రాణమిచ్చాడు. కేరళ ఆయన్ని నెత్తిన పెట్టుకుంది. పెట్టుకోవాల్సిందే. ఆ మనిషికి నేనూ చేతులెత్తి మొక్కుతాను. కానీ మా మేనమామ చేసిందీ అదే పని గదా! దారినపోయేవాడు దిగితే త్యాగం, మాదిగోడు దిగితే మూర్ఖత్వమా?

మాటలదేముంది అనుకోకండి. మాటకి ఖరీదుంది. మురుగు పనిలో 1993 నుంచి చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ పది లక్షలివ్వాలని 2014 మార్చి 27న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని ముప్పై లక్షలు చేసింది. 2014 తీర్పు చదివి మా అత్త తరఫున అర్జీ రాసింది నేనే. ఆఫీసులో కాయితాలు తిరగేసి వెనక్కిచ్చారు. ఎందుకంటే ఎఫ్‌ఐఆర్‌లో "మద్యం మత్తులో కాలుజారి ట్యాంకులో పడి" అని ఉంది. పడి! ఆ రెండక్షరాల మాట మా అత్త నోటికాడి పది లక్షలు తీసేసింది. లాడ్జి యజమానిని కేసు నుంచి తప్పించింది. ఆమె ఇప్పటికీ ఇళ్ళలో అంట్లు తోముతోంది.

చట్టం లేకనా? 1993లో ఒక చట్టం వచ్చింది. 2013లో ఇంకోటి వచ్చింది. రక్షణ లేకుండా మురుగులోకి, సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించడం నేరమని దాని ఏడో సెక్షను. మొదటిసారైతే రెండేళ్ళ దాకా జైలో, రెండు లక్షల దాకా జరిమానానో, రెండూనో. అంటే చట్టం కూడా దిగినవాణ్ణి తప్పుపట్టలేదు, దించినవాణ్ణే పట్టుకోమంది. మరి పట్టుకున్నదెవర్ని? 2022, 2023ల్లో జరిగిన 54 మురుగు చావులు తనిఖీ చేస్తే 49 మంది ఒంటి మీద ఏ రక్షణ సామగ్రీ లేదని సర్కారే 2025లో పార్లమెంటులో ఒప్పుకుంది.

యంత్రాలు లేకనా? 2017లోనే హైదరాబాద్ జలమండలి ఇరుకు సందుల్లో పట్టే చిన్న జెట్టింగ్ యంత్రాలు 70 దించింది. 2018లో తిరువనంతపురం కుర్రాళ్ళు మ్యాన్‌హోలు బాగుచేసే రోబో తయారుచేసి చూపించారు. ఈ పనికి మనిషే కావాలన్నది పచ్చి అబద్ధం. యంత్రానికి డీజిలు పోయాలి, రిపేరు చేయించాలి. మాదిగోడికి అవేం అక్కర్లేదు, "నీకు గుండె ఎక్కువరా" అంటే చాలు. ఉన్న యంత్రాన్ని షెడ్డులో పెట్టి మనిషిని దించేది ఆ చవకతనమే. ఆ చవకతనానికి పేరు కులం.

మనవాళ్ళతో కూడా ఒక మాట. మన పాటల్లో, మన సభల్లో మనం కూడా ఈ ధైర్యాన్ని తెగ పొగుడుతున్నాం. చావుకి ఎదురెళ్ళేవాళ్ళమని రొమ్ము విరుస్తున్నాం. ఆ మేస్త్రీ పొగడ్తని మనమెందుకు మొయ్యాలి? నేను బళ్ళో మా పేట పిల్లలకి భయం నేర్పుతున్నాను. వాయువుల పాఠం చెప్పేటప్పుడు పుస్తకం మూసి మ్యాన్‌హోలు బొమ్మ బోర్డు మీద వేస్తున్నాను. మీ నాన్నకి ఇంటికెళ్ళి చెప్పండి, మీటరు లేకుండా దిగొద్దనండి, ఎవడు ఎంత పొగిడినా దిగొద్దనండి, ఒకడు పడిపోతే దూకకుండా తాడు కోసం, ఫైరింజను కోసం అరవమనండి అంటున్నాను. పోగొట్టుకోవడానికి ఏదో ఉన్నవాడికే భయముంటుంది. మనల్ని భయం లేనివాళ్ళని అన్నారంటే పోగొట్టుకోవడానికేం లేనివాళ్ళని అర్థం. భయపడే హక్కు కూడా మనం పోరాడి తెచ్చుకోవాల్సిందే. నాయన చెయ్యనంటే మర్నాడు మస్టర్లో పేరు ఉండేట్టు చూసుకోవాల్సింది మాత్రం సంఘాలు. ఆ పూచీ లేకుండా ఒంటరివాణ్ణి దిగొద్దనడం ఉత్త నీతిబోధ.

ఇక చదువుకున్న పిల్లలకి, సంఘాల్లో తిరిగేవాళ్ళకి ఒక పని చెప్తున్నాను. చావు జరిగిన గంటలోపు స్టేషనుకి వెళ్ళండి. రైటరు పక్కన నిలబడండి. ఫిర్యాదులో ఎవరు పిలిచారో, ఎంత కూలికి పిలిచారో, ఏమిచ్చి దించారో, ఏమివ్వకుండా దించారో రాయించండి. 2013 చట్టం పేరు రాయించండి, ఎట్రాసిటీ చట్టం పేరు రాయించండి. పేపరువాడొస్తే వాడి వాక్యాన్ని కూడా దిద్దండి. "పడి" అని రాస్తే కొట్టేయించండి. "దిగి చనిపోయాడు" అన్నా ఒప్పుకోకండి. తెలుగులో దిగడం వేరు, దించడం వేరు. చావడం వేరు, చంపడం వేరు. రెండో తరగతి పిల్లాడికి తెలిసిన తేడా ఇది.

వాళ్ళు దిగలేదు, దించారు. వాళ్ళు చావలేదు, చంపారు. ముందు ఈ రెండు మాటలు కాయితం మీద పడనివ్వండి. మూర్ఖులెవరో కోర్టులో తేల్చుకుందాం.