కొమ్ములు చూసి వయసు చెప్పేవాళ్ళకి

పాత ఫోటోలు పంపమని అడిగిన దగ్గర్నుంచి షికారు ఫోటోలు చాలానే వచ్చాయి. దాదాపు అన్నిటి కిందా ఒకే రాత: "మా తాతగారు ఈడు ముగిసిన మగవాటినే కొట్టేవారు. ఆడవాటిని, కూనల్ని ముట్టుకునేవారు కారు." మైసూరులో స్థిరపడ్డ మనవాళ్ళే కాదు, కోయంబత్తూరు వైపు చుట్టాలూ ఇదే పాట. రెండో వాక్యంతో నాకు పేచీ లేదు. ఆడవాటినీ కూనల్నీ వదిలేయడం ఆనాటి షికారు మర్యాదల్లో ఉన్నదే. నీలగిరుల్లోనైతే 1879లోనే వేట జంతువుల కోసం చట్టం తెచ్చారు. మొదటి వాక్యాన్ని మాత్రం ఈ పేజీల్లో వేయను. పెద్దవాళ్ళకి కోపం వస్తుందని తెలుసు.

కణితినే తీసుకోండి, ఇక్కడివాళ్ళు కడవె అంటారు. పోతుకి మొదట వచ్చేది సూదిలాంటి ఒంటి కొమ్ము. తర్వాత చీలుతుంది. నాలుగో ఏడు వచ్చేసరికి మామూలుగా ఒక్కో కొమ్ముకి మూడు మొనలు తయారవుతాయి, లెక్క అక్కడితో ఆగిపోతుంది. ఐదేళ్ళ దానికీ మూడే, పదేళ్ళు దాటినదానికీ మూడే. పొడ దుప్పికీ అంతే. మా పెదనాన్న మాత్రం ఏడాదికో మొన చొప్పున వస్తుందని చివరిదాకా వాదించాడు. ఆ లెక్కన మా హాల్లో ఉన్నది మూడేళ్ళ పసిది అవుతుందని ఎవరూ ఆయనతో అనలేకపోయారు. కొమ్ము రాలిపోయి మళ్ళీ మొలుస్తుంది గదా, గోడ మీద కనిపించేది ఆ చివరి మొలక ఒక్కటే. అది ఎంత పొడవు, ఎంత లావు అన్నది మేతని బట్టి, ఒంటి బలాన్ని బట్టి, పుట్టుకని బట్టి ఉంటుంది. మంచి వయసులో ఉన్న పోతుకే భారీ కొమ్ములు. నిజంగా ముసలిదైపోతే కొమ్ము కురచబడుతుంది. అలాంటి కొమ్ముని ఎవరు గోడకి ఎక్కిస్తారు? వచ్చినవాళ్ళందరికీ చూపించే ఆ పెద్ద కొమ్ములే, కొట్టింది ముసలిదాన్ని కాదని చెబుతున్నాయి.

వయసు తెలిసేది పళ్ళని బట్టి. దవడ పళ్ళు ఎంత అరిగాయో చూసి చెప్పాలి. టెక్సాస్‌లో ఉన్న మన పిల్లల్ని అడగండి, అక్కడ వేట సీజన్లో కొట్టిన జింక కింది దవడ చూసి వయసు రాసుకుంటారు. మన తాతల కాలంలో నోరు తెరిచి చూసిందెవరు? అందరి చేతిలోనూ టేపే. లండన్‌లో 1892 నుంచి వచ్చిన రోలండ్ వార్డ్ రికార్డు పుస్తకం నిండా ఉన్నవి కొమ్ముల అంగుళాలు. మన ఊళ్ళోనే, 1999లో మూతపడేదాకా, వాన్ ఇంగెన్ వాళ్ళు తలల్ని ఎంత అందంగా తయారుచేసి ఇచ్చేవారో మీకు తెలుసు. అలా తయారైన తలలో అసలు దవడ ఉండదు. వయసు చెప్పగలిగిన ఒక్క ఎముకనీ పారేశాం, ఏమీ చెప్పలేనిదాన్ని దాచుకున్నాం.

"పెద్ద కొమ్ములున్నవే కొట్టాలని రూలు, అంటే పెద్ద వయసువే గదా" అంటారు. కెనడాలోని ఆల్బర్టాలో, రామ్ మౌంటెన్ అనే చోట, అడవి గొర్రెల విషయంలో ఇలాంటి రూలే ఉండేది: కొమ్ము ఇంత మెలిక తిరిగితేనే కాల్చాలి. జరిగిందేమిటంటే, కొమ్ములు త్వరగా పెరిగే పొట్టేళ్ళు చిన్న వయసులోనే రూలుకి దొరికిపోయాయి, పిల్లల్ని కనే కాలం సరిగా మొదలవకముందే. కొమ్ము చిన్నదిగా ఉన్నది బతికిపోయింది. ముప్ఫై ఏళ్ళ లెక్కలతో 2003లో నేచర్ పత్రికలో రాశారు, అక్కడ కొమ్ముల సైజు తగ్గుతూ వచ్చిందని. తగ్గుదలలో వంశపారంపర్యం పాలు ఎంత అని తర్వాత వాదనలు నడిచాయి, నడవనివ్వండి. కొమ్ముకి పెట్టిన షరతు వయసుకి షరతు కాదు, నాకు కావలసింది అంతే.

ఇంకో వాదన పులిది. పులీ ముసలివాటినే పడుతుంది, మనం చేసిందీ ప్రకృతి పనే అని. నాగరహొళెలో ఉల్లాస్ కారంత్, మెల్ సన్‌క్విస్ట్ చేసిన పరిశోధన 1995లో వచ్చింది. అక్కడ పులులు పొడ దుప్పుల్లో, కణితుల్లో ఎదిగిన మగవాటినే ఎక్కువగా చంపాయి. ఎదిగినవి అన్నారు, ముసలివి అనలేదు. పులి ముందే పోతుల్ని తీసుకుపోతున్న అడవిలోకి, అవే కావాలని మనం తుపాకులతో వెళ్ళాం.

అన్నట్టు, ఆ తాతల కథల్లోనే రాత్రిళ్ళు జీపు మీద నుంచి లైటు వేసి కొట్టిన సంగతులు కూడా ఉన్నాయి. లైటుకి రెండు కళ్ళు మెరుస్తాయి. అందులో వయసు ఎలా కనిపించిందో!

పోనీలే, పోయినవాళ్ళ గొప్పలు, ఒక వాక్యంతో ఏం మునిగిపోయింది అంటే, ఆ వాక్యం తర్వాత మన ఇళ్ళల్లో వచ్చే వాక్యం ఇంకొకటి ఉంది. "అడవిని ఖాళీ చేసింది జేను కురుబలు, దొరికిందల్లా కొట్టేసి." నాగరహొళెలోంచి వాళ్ళ కుటుంబాల్ని బయటికి పంపారు. మనం మాత్రం ఏరి కొట్టిన దొరలం, అడవిని కాపాడినవాళ్ళం! ఏరామనడానికి రుజువేమిటయ్యా అంటే గోడ మీది కొమ్ములు. రుజువు లేని ఒక మాటతో మనకి మెప్పు, వాళ్ళకి నేరం. ఇది పిల్లలు చదివే చోట రాయమంటే నా వల్ల కాదు.

తాతల్ని దోషులు చేయమని నేను అడగట్లేదు. 1972 చట్టానికి ముందు లైసెన్సుతో ఆడిన వేట అప్పటికి నేరం కాదు. ఫోటోలన్నీ వేస్తాను. రాత మాత్రం ఇలా ఉంటుంది: కణితి పోతు, కాకనకోటె అడవి, సంవత్సరం తెలిస్తే సంవత్సరం, కొట్టినవారి పేరు. అంతే. ఎవరింట్లోనైనా అటకమీద కింది దవడ ఎముక మిగిలి ఉంటే, పళ్ళు కనిపించేలా ఫోటో తీసి పంపండి. కొమ్ముల ఫోటోలు ఇక చాలు.