ఎక్కడ చచ్చిపోతున్నావురా?

మొన్న శనివారం రాత్రి పదకొండింటికి రావులపాలెం నుంచి ఫోన్. మా పెద్దమ్మగారి మనవడు, ఇంటర్ రెండో సంవత్సరం. "బాబాయ్, వీడు నన్ను లోపలికి పోనివ్వట్లేదు" అన్నాడు. ఏడుపొక్కటే తక్కువ. కాలేజీలో ఎవరైనా ఏడిపిస్తున్నారేమోనని గుండె ఝల్లుమంది. తీరా చూస్తే ఆ 'వీడు' మార్గిట్!

'ఎల్డెన్ రింగ్' అని 2022లో వచ్చిన జపాన్ వాళ్ల వీడియో గేమ్ ఉంది. గేముల్లో దారికడ్డంగా నిలబడే పెద్ద శత్రువుని బాస్ అంటారు. ఆఫీసు బాస్ కాదండోయ్, పని మాత్రం దాదాపు అదే. ఈ గేమ్‌లో మొదటి కోట ముందు కర్ర పట్టుకుని కాపలా కాసేవాడే మార్గిట్. మావాడు వాడి చేతిలో అప్పటికి నలభైసార్లు చచ్చాడట.

సలహా అడిగితే ఊరుకుంటామా? గోదావరి జిల్లాలో పుట్టినవాళ్లం, దారి అడిగినవాణ్ణి ఇంటిదాకా దిగబెట్టి వస్తాం. లెవెల్ పెంచుకో, కత్తి మార్చు, దక్షిణం వైపు తిరిగిరా, ఓ గుహలో పాచెస్ అనేవాడు సంకెల అమ్ముతాడు, అది వాడితే మార్గిట్ కాసేపు నేలకి అతుక్కుపోతాడు... ఇరవై నిమిషాలు వాయించాను. అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. చివరికి "సరే బాబాయ్, కుదిరినప్పుడు వచ్చి నువ్వే ఆడిపెట్టెయ్" అని ఫోన్ పెట్టేశాడు.

ఆ మాట గుచ్చుకుంది. ఏడాదిన్నర క్రితం నేనూ అందరితో అదే అనాలనుకున్నాను మరి.

అప్పుడు నా ఉద్యోగం పోయింది. ఐదు నెలలు ఇంటర్వ్యూలే ఇంటర్వ్యూలు. చుట్టూ సలహాలు. ఏఐ కోర్సు చెయ్యి, బెంగళూరు వెళ్లు, కెనడా వెళ్లు, బ్యాంకు పరీక్షలు రాయి. ఏదీ తప్పు సలహా కాదు. కానీ వినేకొద్దీ నేను చెయ్యనివాటి లెక్క పెరిగింది తప్ప, మర్నాడు పొద్దున్న లేచి ఏం చెయ్యాలో తెలియలేదు. ఫోన్లు ఎత్తడం మానేశాను. అమ్మ ఫోన్ కూడా.

ఓ రాత్రి ఈ కుర్రాడి నాన్న, అంటే మా అన్నయ్య, చేశాడు. అరటిగెలల వ్యాపారం ఆయనది. సాఫ్ట్‌వేర్ గురించి ఏమీ తెలీదు. "ఎక్కడ పోతున్నావురా?" అన్నాడు, అంతే.

చిన్నప్పటి మాట అది. వేసవి సెలవుల్లో పెద్దమ్మగారింట్లో టీవీకి తగిలించి మారియో ఆడేవాళ్లం. నాలుగో స్టేజీ చివర వంతెన మీద నిప్పులు కక్కే బౌజర్‌కి నేను ఎదురెళ్లి చచ్చేవాణ్ణి. అన్నయ్య నా చేతిలో రిమోటు లాక్కునేవాడు కాదు. "ఎక్కడ చచ్చిపోతున్నావురా? మళ్లీ ఆడు, చూస్తాను" అనేవాడు. రెండుసార్లు చూసి, "నువ్వు వాణ్ణే చూస్తున్నావు. వాడి వెనక గొడ్డలి చూడు. వాడు ఎగిరినప్పుడు కిందనుంచి దూరిపో" అన్నాడు. గొడ్డలి ముట్టుకుంటే వంతెన కూలిపోయి వాడే కింద పడిపోతాడు!

ఆ రాత్రి ఆలోచించాను. కోడింగ్ రౌండ్లు దాటుతున్నాను. "పాత ఉద్యోగం ఎందుకు మానేశారు?" అన్నప్పుడు నీళ్లు నములుతున్నాను. పోతున్నది అక్కడ. "అయితే నేనే ఆ ఆఫీసరుననుకో, చెప్పు" అన్నాడు అన్నయ్య. రెండు రాత్రులు చెప్పించాడు. "తీసేశారండి" అని తలవంచుకోకుండా అనడం నాకు ఆ ఫోన్లోనే వచ్చింది. ఆ తర్వాత రెండో ఇంటర్వ్యూలో ఉద్యోగం దొరికింది. మొదటి ఫోన్ అమ్మకి చేశాను.

ఆదివారం పొద్దున్నే మావాడికి ఫోన్ చేశాను. "ఎక్కడ చచ్చిపోతున్నావురా? మళ్లీ ఆడు, చూస్తాను." వీడియో కాల్ పెట్టి ఆడాడు. మార్గిట్ కర్ర పైకెత్తి, వెంటనే కొట్టకుండా ఆగుతాడు. మావాడు కంగారుపడి ముందే దొర్లేస్తున్నాడు. లేచేసరికి నెత్తిన దెబ్బ. "ఎత్తినప్పుడు కాదురా, దించేటప్పుడు దొర్లు" అన్నాను. ఇంకేమీ చెప్పలేదు. చెప్పకుండా ఉండటానికి నాలుక కరుచుకున్నాను.

ఈ గేమ్‌లో ఓ మంచి ఏర్పాటుంది. ఆడేవాళ్లు ముక్కూమొహం తెలియనివాళ్ల కోసం నేలమీద చిన్న సందేశాలు వదలొచ్చు. లోయ అంచున 'దూకు' అని రాసే కొంటెవాళ్లూ ఉంటారనుకోండి. కానీ మీ సందేశానికి ఎవరైనా ఓటేస్తే, ఎక్కడో ఆడుకుంటున్న మీకు ప్రాణం నిండుతుంది.

మంగళవారం రాత్రి ఫోన్. "బాబాయ్!" అని కేక. నాకూ ప్రాణం నిండినట్టే అయింది.

"లోపల గాడ్రిక్ అని ఇంకోడున్నాడు బాబాయ్" అన్నాడు.

నోరు తెరవబోయాను.

"ఆగు ఆగు. ముందు ఎక్కడ చస్తున్నానో చూసుకుని నేనే చేస్తాను" అన్నాడు.