చేపల్ని లెక్కపెట్టాలంటే చంపాలా?

మా టీమ్‌లో ఎవరు అండమాన్ వెళ్ళొచ్చినా సోమవారం లంచ్ టైములో మాకందరికీ ఒక వీడియో తప్పదు. గోప్రో చేత్తో పట్టుకుని ఏదో చేపని తరుముతూ ఉంటారు. కాసేపు తోక కనిపిస్తుంది, కాసేపు బుడగలు, మిగతాదంతా మనవాడి మొహమే. సరదా కోసం అంటే నేనూ కాదనను. కానీ నీళ్ళలో పనిచేసే కెమెరాకి ఇంతకంటే చాలా పెద్ద పని ఉందనీ, ఆ పని మన తీరంలో కూడా జరగాలనీ నా అభిప్రాయం.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1956లో జాక్ కూస్తో, లూయీ మాల్ కలిసి తీసిన ‘ది సైలెంట్ వరల్డ్’ వచ్చింది. కాన్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతీ కొట్టింది, ఆస్కారూ కొట్టింది. సముద్రం లోపల ఎలా ఉంటుందో రంగుల్లో చూసి జనం నోళ్ళు వెళ్ళబెట్టారు. అందులోనే ఒక సీన్ ఉంది. పగడపు దిబ్బ దగ్గర ఏయే చేపలున్నాయో లెక్క తేల్చడానికి నీళ్ళలో డైనమైట్ పేలుస్తారు. తర్వాత చచ్చినవాటిని ఏరి లెక్కపెడతారు. సైట్‌కి ఎంతమంది యూజర్లున్నారో తెలుసుకోడానికి సర్వర్ పీకేసి, ఎంతమంది ఫోన్ చేసి తిట్టారో లెక్కేసినట్టన్నమాట! అదే కూస్తో తర్వాతి రోజుల్లో సముద్రాన్ని కాపాడమని ప్రపంచమంతా తిరిగి చెప్పాడు, అది వేరే సంగతి.

తూటాలు పేల్చి చేపలు పట్టడం మనకీ తెలియనిది కాదు. తప్పని చట్టం 1897 నుంచీ ఉంది. అయితే లెక్క విషయంలో మనం ఇప్పటికీ చచ్చిన చేప దగ్గరే ఆగిపోయాం. ఈ ఏడు ఇన్ని టన్నులు పడ్డాయి అంటాం. ఆ అంకె సముద్రం గురించి ఎంత చెబుతుందో వల గురించీ అంతే చెబుతుంది. దగ్గర్లో చేపలు తగ్గినా, బోట్లు ఇంకా దూరం వెళ్ళి అదే బరువు తెస్తే కాగితం మీద అంతా బాగానే కనిపిస్తుంది.

దీనికి విరుగుడుగా చాలా దేశాల్లో వాడుతున్న పద్ధతి చూడండి, ఎంత సింపులో! ఒక ఇనుప చట్రం, దానికి కెమెరా, ఎదురుగా ఒక కర్రకి సంచీలో ఎర. కవళ్ళో కానాగంతలో, నూనె ఎక్కువుండే చేపలు నలగ్గొట్టి పెడతారు. దాన్ని అడుక్కి దించి, పడవ పక్కకి తీసుకెళ్ళిపోతారు. గంటో గంటన్నరో అయ్యాక వచ్చి పైకి లాగుతారు. మనిషి దిగడు. ఎందుకంటే బుడగల చప్పుడుకి కొన్ని చేపలు పారిపోతాయి, కొన్ని వింతగా దగ్గరకొస్తాయి. లాగ్ స్టేట్‌మెంట్ పెట్టగానే మాయమయ్యే బగ్ లాంటి వ్యవహారం.

మరి ఒకే చేప పదిసార్లు వచ్చి పోతే? చేపలకి ప్రైమరీ కీ లేదు కదా :) దానికీ ఉపాయం ఉంది. మొత్తం వీడియోలో ఒక జాతి చేపలు ఒకే ఫ్రేములో గరిష్ఠంగా ఎన్ని కనిపించాయో అదే లెక్క. ఉన్నవాటికంటే తక్కువ రావచ్చు గానీ ఒక్క చేపని రెండుసార్లు లెక్కపెట్టే సమస్యే లేదు. రెండు కెమెరాలు పక్కపక్కన పెడితే చేప పొడవు కూడా కొలవొచ్చు.

ఇలాగే 58 దేశాల్లో 371 పగడపు దిబ్బల దగ్గర సొరచేపల కోసం కెమెరాలు దించారు. గ్లోబల్ ఫిన్‌ప్రింట్ అని ఆ ప్రాజెక్టు పేరు. 15,000 గంటలకి పైగా వీడియో. ఫలితాలు 2020లో ‘నేచర్’లో వచ్చాయి. దాదాపు అయిదో వంతు దిబ్బల దగ్గర ఒక్క సొర కూడా కనపడలేదు. కెన్యా, వియత్నాం, ఖతార్‌తో సహా ఆరు చోట్ల 800 గంటలకి పైగా చూస్తే, మొత్తం కలిపి కనపడినవి మూడంటే మూడు! వలలో సొర పడకపోతే ఎవరూ పుస్తకంలో రాసుకోరు. కెమెరా ముందు ఖాళీగా గడిచిన గంట మాత్రం రికార్డవుతుంది. నా దృష్టిలో అందమైన వీడియో కంటే ఆ ఖాళీ గంటే విలువైనది.

లోపాల్లేవా అంటే, ఉన్నాయి. ఎరకి మాంసం తినే చేపలే ఎక్కువ వస్తాయి. అందుకే అదే ఎర, అదే సమయం, అదే చోటు పాటించి ఏటికేడు పోల్చుకోవాలి. బురద నీళ్ళలో ఏమీ కనపడదు. వరద గోదావరిలో పులసని ఇలా తీయలేం. ఇక చూసే ఓపిక సంగతి... 15,000 గంటలంటే రోజుకి 8 గంటల చొప్పున సెలవు లేకుండా అయిదేళ్ళ పైమాట. ఫ్రేముల్లోంచి చేపల్ని గుర్తుపట్టే ప్రోగ్రాములు ఇక్కడే పనికొస్తాయి. మనలో ఎంతమందిమి వీకెండ్ ప్రాజెక్టు అంటూ పిల్లుల్నీ కుక్కల్నీ గుర్తుపట్టించట్లేదు?

మన తీరంలో దీనికి సరైన చోటు వేట నిషేధం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు బోట్లు కట్టేస్తారు. చేపలు గుడ్లు పెట్టుకుని పెరగడానికని చెబుతారు. మంచిదే. కానీ ఆ 61 రోజులూ సంపాదన పోగొట్టుకునేది మత్స్యకారులు. వాళ్ళు చేసిన త్యాగానికి నీళ్ళలో ఏం ఫలితం వచ్చిందో వాళ్ళకి చూపించొద్దూ? విశాఖ దగ్గర నీళ్ళు తేటగా ఉండే రాతి చోట్లు కొన్ని ఎంచుకుని, నిషేధానికి ముందూ తర్వాతా కెమెరాలు దించి, ఆ వీడియోలు వాళ్ళ ఊళ్ళోనే తెర కట్టి వేస్తే ఎంత బావుంటుంది! రెండు నెలల తేడా ఒక్క ఏడాదిలో తేలకపోవచ్చు. అయిదేళ్ళు వరసగా చేస్తే ఏదో ఒకటి తేలుతుంది. చేపలు పెరిగితే వాళ్ళకి ధైర్యం. పెరగకపోతే నిషేధం తేదీలు సరైనవేనా అని అధికారుల్ని అడగడానికి చేతిలో ఆధారం.

ఈలోపు అండమాన్ వెళ్ళేవాళ్ళకి ఒక విన్నపం. చేపల వెంట పడకండి, బ్రెడ్డు ముక్కలు వెయ్యకండి. పగడం తగలకుండా ఇసుక మీద కెమెరా పెట్టి, ఓ పది నిమిషాలు దూరంగా ఉండండి. తేదీ, చోటు, లోతు రాసుకోండి. సోమవారం లంచ్‌లో ఆ వీడియో వెయ్యండి, నేను ముందు వరసలో కూర్చుంటాను.