మనిషి లేని టోల్

అమెరికాలో అద్దె కారు నడిపే మనవాళ్లను పోలీసుల కంటే ముందు తికమక పెట్టేది టోల్. శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ వంతెన మీద 2013 నుంచి నగదు తీసుకోవడం లేదు. కెమెరా నంబర్ ప్లేటు చూస్తుంది, బిల్లు కారు యజమానికి వెళ్తుంది. అద్దె కంపెనీకి చేరిన బిల్లు మీద తరచూ సేవా రుసుమూ పడుతుంది. వంతెన దాటిన 48 గంటల్లోగా ఆన్‌లైన్‌లో మనమే కట్టేయొచ్చు గానీ, కొత్తవారికి ఆ సంగతి చెప్పేదెవరు?

చట్టం తెలియకపోవడం సాకు కాదంటారు. పోలీసు ఆపినప్పుడు ఆ మాట ఒప్పుకోవాల్సిందే: మన అలవాటు కొద్దీ కాగితాలు పట్టుకుని దిగి ఎదురెళ్లడం అక్కడ ప్రమాదం, చేతులు స్టీరింగ్ మీదే ఉంచి కారులో కూర్చోవాలి. అది డ్రైవరే నేర్చుకుని వెళ్లాలి. డబ్బు పుచ్చుకునే మనిషే లేని టోల్ సంగతి వేరు. ఆ రుసుములు ఒప్పందంలో చిన్న అక్షరాల్లో ఉంటే చాలదు. తాళాలిచ్చేటప్పుడే కంపెనీ నోటితో చెప్పాలి.