దావత్‌కు ముందు సబ్బు ఎందుకు ఉండదు?

దావత్‌లో చిలంచీ, లోటా పట్టుకుని పిల్లలు వరుసగా వచ్చి చేతుల మీద నీళ్లు పోసే రివాజు తిరుపతి, చిత్తూరు షాదీఖానాల్లో దాదాపు పోయింది. ఇప్పుడంతా వాష్ బేసిన్లే. ఆదత్ మాత్రం మారలేదు. దస్తర్‌ఖాన్ మీద కూర్చునే ముందు వేళ్లకు నీళ్లు తగిలిస్తాం. బిర్యానీ తిన్నాక సబ్బు ఎక్కడుందని అడుగుతాం. నెయ్యి ఉత్త నీళ్లకు పోదని అందరికీ తెలుసు గదా.

నా ఏతరాజ్ అక్కడే. కరోనా వైరస్ పైన ఉండేది కూడా కొవ్వు పొరే. ఫ్లూ వైరస్‌కూ అంతే. సబ్బు అణువుకు ఒక కొస నీళ్లతో దోస్తీ చేస్తుంది, ఇంకో కొస కొవ్వుతో. ఆ రెండో కొస పొరలోకి దూరి దాన్ని చీల్చేస్తుంది. పొర చిరిగిన వైరస్ ఎందుకూ పనికిరాదు. దానికి ఇరవై సెకన్లయినా చేతులు రుద్దుకోవాలి. పిల్లలకు విరేచనాలు తెచ్చే రోటా వైరస్‌కు ఈ పొర లేదు, అది సబ్బుకు అంత తేలిగ్గా చావదు. అయినా రుద్ది కడిగితే నీళ్లతోపాటు కొట్టుకుపోతుంది. తిన్నాక జిడ్డు కోసం పడే మెహనత్ తినకముందే పడమంటున్నాను, అంతే.

"రోజుకు అయిదుసార్లు వజూ చేసేవాళ్లం, మనకేం ఖతరా?" అని 2020లో చాలామంది పెద్దలు అన్నారు. వజూ నమాజ్‌కు షర్త్, ఇబాదత్‌లో భాగం. దాన్ని మందుబిళ్లతో పోల్చడం వజూకే బేఅదబీ అనిపిస్తుంది నాకు. తహారత్ వేరు, క్రిములు చావడం వేరు. నీళ్లతో చేసిన వజూతో నమాజ్ అవుతుంది, వైరస్ పోయిందన్న గ్యారంటీ రాదు. వజూకు ముందు సబ్బుతో చేతులు కడుక్కోవద్దని ఏ ఆలిమ్ సాబ్ చెప్పగా నేను వినలేదు.

ఆ ఏడాది మార్చిలో శ్రీకాళహస్తిలో మన జిల్లా మొదటి కేసు వచ్చింది, లండన్ నుంచి వచ్చిన ఒక యువకుడికి. ఆ వెంటనే నిజాముద్దీన్ మర్కజ్ ఖబర్. ఇక టోపీ, గడ్డం ఉన్న ప్రతి మనిషీ వైరస్ మోసుకు తిరుగుతున్నట్టే చూశారు. మన మొహల్లాల్లో గడపలు, మెట్లు, గోడలు బ్లీచింగ్‌తో తెల్లబడిపోయాయి. అందులో సగం వైరస్ కోసం, సగం పక్కింటివాళ్ల చూపు కోసం. మేము పాక్‌సాఫ్‌గానే ఉన్నామని గవాహీ ఇచ్చుకోవాల్సి రావడం ఏ బీమారీకీ తక్కువ కాదు.

మనుషుల మీద మందు కొట్టే పిచ్చి అప్పట్లో అందరికీ పట్టింది. బరేలీలో ఊళ్లకు తిరిగొచ్చిన కూలీలను రోడ్డు మీద కూర్చోబెట్టి పైపుతో తడిపారు. మన రాష్ట్రంలోనూ రైతుబజార్ల దగ్గర సొరంగాలు కట్టి మనుషుల మీద పిచికారీ చేశారు. చివరికి ఏప్రిల్ 18న కేంద్ర ఆరోగ్య శాఖే చెప్పింది, మనుషుల మీద చల్లొద్దు, దానివల్ల నుక్సానే తప్ప ఫాయిదా లేదని.

బ్లీచింగ్ చెడ్డదని కాదు. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు కాన్పులు చేసే వైద్యుల చేతులు కడిగించింది ఈ జాతి సున్నపు పొడితోనే, తల్లుల మరణాలు బాగా తగ్గాయి. ఇప్పుడు మనకు సబ్బు ఉంది కాబట్టి చేతులకు అది వద్దు, నేలకూ తలుపు గొళ్లేలకూ చాలు. లీటరు నీళ్లకు ఒక చిన్న చెంచా పొడి వేసి, ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి.

అసలు ఖతరా మన ఆడవాళ్లకు. లెట్రిన్ బాగా తెల్లబడాలని బ్లీచింగ్ పోసి, దాని మీదే బాత్రూం యాసిడ్ పోసే ఇళ్లు నేను చూశాను. రెండూ కలిస్తే లేచేది క్లోరిన్ గ్యాస్. 1915లో ఈప్ర్ దగ్గర జర్మన్లు సిపాయీల మీద వదిలింది ఇదే. కిటికీ లేని బాత్రూంలో, తలుపు వేసుకుని, ముక్కుకు దుపట్టా అడ్డం పెట్టుకున్న ఖాలాకు ఇది ఎవరు చెప్పాలి? సీసా మీద చిన్న అక్షరాల్లో రాస్తే సరిపోతుందా? ఇళ్లలో పనికిపోయే మన బెహనులు ఎంతమంది ఉన్నారో లెక్కేసుకోండి.

శానిటైజర్‌లో ఆల్కహాల్ ఉంది, హరామ్ కదా అనే సవాల్ కూడా అప్పుడు వచ్చింది. చేతులకు రాసుకోవచ్చని చాలామంది ఉలమా చెప్పారు, నాకు ఆ మాటే సరిగ్గా తోస్తుంది. తాగడం సంగతి అంటారా, 2020 జులై ఆఖరులో ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. కాబట్టి సీసా పిల్లలకు అందకుండా ఎత్తున పెట్టండి. నీళ్లూ సబ్బూ దొరికే చోట దాని జరూరత్ ఎలాగూ లేదు.

మస్జిద్ కమిటీ పెద్దలకు నా గుజారిష్ ఒకటే. ఏసీలకు, కార్పెట్లకు, మైకులకు చందా అడుగుతారు, అందరం ఇస్తాం. ఇస్తింజాఖానా బయట, వజూఖానాలో ఒక్కో సబ్బు పెట్టండి. పోతుందంటారా, తాడు కట్టండి. మదర్సాలో పిల్లలు కలిసి తినే చోట, తినకముందు, రెండు పెట్టండి. సబ్బు రుద్దేటప్పుడు కొళాయి కట్టేయడం కూడా వాళ్లకు నేర్పండి, మన సీమలో నీళ్ల సంగతి మీకు తెలియనిది కాదు. వచ్చే జుమాకు ఈ సబ్బుల ఖర్చు నేనిస్తాను. ఆ తర్వాతి జుమాకు ఎవరిస్తారో చెప్పండి.